మార్పించానన్న బెల్టు

కొండల నడుమ నరీన్ పట్టణంలో నది ఒడ్డు వీధికి ఇసాబెక్ కారంటే ఒక ముచ్చట. పదిహేడేళ్ల పాత కారది. బూడిద రంగు, వెనక సామాను పెట్టుకోవడానికి పొడుగాటి జాగా. ఆదివారం పొద్దున అతను దాన్ని గేటు ముందు నిలబెట్టి, బక్కెట్టు నీళ్లూ మెత్తటి గుడ్డా పట్టుకుని కడుగుతుంటే పక్కింటి ముసలాయన పనిగట్టుకుని బయటికొచ్చి చూసేవాడు. సీట్లకు భార్య జుమాగుల్ స్వయంగా కుట్టిన తొడుగులు. ఎవరైనా బురద బూట్లతో ఎక్కబోతే, "ఆగాగు, అది కారు, గొర్రెల దొడ్డి కాదు" అని కాళ్లు దులిపించి గానీ తలుపు తీసేవాడు కాదు.

బానెట్టు కింద సంగతి మాత్రం వేరు. అక్కడ ఏ పనైనా "వచ్చే వారం" అనేవాడు. ఆయిలు మార్చాల్సిన వేళకు రెండు నెలలు ఆలస్యంగా మార్చేవాడు. బ్రేకులు కీచుమంటే పాట గట్టిగా పెట్టేవాడు. ఇన్నేళ్లూ ఆ కారు అతన్ని ఎక్కడా నడిరోడ్డు మీద వదిలెయ్యలేదు. దాంతో అతనికి కారు మీద నమ్మకం కాస్తా ధీమాగా మారింది.

పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డులో మెల్స్ అని ఒక మెకానిక్కు ఉండేవాడు. అరవై దాటిన మనిషి. ఊళ్లో సగం కార్ల గుట్టు అతనికి తెలుసు. ఒక వసంతకాలంలో ఇసాబెక్ ఆయిలు మార్పించుకుందామని వెళితే, ఇంజను పక్కనున్న మూత విప్పి చూసి మెల్స్ పెదవి విరిచాడు.

"ఒరేయ్ ఇసాబెక్, ఈ టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చావురా?"

"నేను కొన్నాక మార్చలేదన్నా. బాగానే నడుస్తోందిగా."

"అదేరా దీంతో వచ్చిన తంటా. మిగతావన్నీ చెడిపోయేముందు చెప్తాయి. చప్పుడు చేస్తాయి, పొగ వదుల్తాయి, కారతాయి. ఇది నోరు విప్పదు. బాగానే ఉంటుంది, బాగానే ఉంటుంది, ఓ రోజు తెగుతుంది. తెగిన క్షణంలో వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంజను అక్కడికక్కడే చస్తుంది. కొత్తది తెచ్చుకో, రెండు రోజుల్లో వేసిస్తాను."

ఇసాబెక్ నిజంగానే తెచ్చాడు. రాజధాని బిష్కెక్ వెళ్లినప్పుడు బెల్టూ, దాంతోపాటు వేసే రోలరూ కొని పెట్టెతో సహా ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ వారమే జుమాగుల్ తమ్ముడి పెళ్లి వచ్చింది. రెండు రోజులు కారు లేకుండా ఎలా? తరవాత గడ్డి కోతలు. తరవాత ఎవరినో ఆసుపత్రికి దింపడం. పెట్టె వెళ్లి వెనక కొట్టంలో పైఅర మీద కూర్చుంది. ఏడాది గడిచింది. ఇంకో వేసవి కూడా గడిచింది. మెల్స్ అడిగితే ఇసాబెక్ తల గోక్కునేవాడు. ఆ తరవాత మెల్స్ అడగడం మానేశాడు. ఎవరి కారు వాళ్లది.

ఆ ఏడు సెప్టెంబరులో ఇసాబెక్ ప్రయాణికులను తిప్పడానికి ఒక వ్యాను కొన్నాడు. ఇంట్లో రెండు బళ్లు ఎందుకని పాతది అమ్మేద్దామనుకున్నాడు. మాట వీధిలోకి వెళ్లిందో లేదో ఎసెన్‌తుర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఎసెన్‌తుర్‌ది ఆ వీధి చివరి ఇల్లు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా ముప్పై ఏళ్ల నుంచి స్తంభాలెక్కుతున్నాడు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా అతనికి కారు లేదు, కావాలని కూడా అనుకోలేదు. ఇప్పుడు కావాల్సొచ్చింది. అతని అక్క సైరా దోలోన్ కనుమ దాటాక కొచ్కోర్‌లో ఉంటుంది. తల్లి పోయినప్పుడు ఎసెన్‌తుర్‌కి ఆరేళ్లు, సైరాకి పదిహేను. చదువు మానేసి తమ్ముణ్ణి పెంచింది. ఆ సైరాకి కడుపులో గడ్డ అని వేసవిలో తెలిసింది. డాక్టర్లు కోశారు, కుట్టారు, ఇంటికి పంపేశారు.

"వారం వారం వెళ్లాలిరా" అన్నాడు ఎసెన్‌తుర్, జుమాగుల్ పోసిచ్చిన పాల టీ గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని. "షేర్ టాక్సీ నిండేదాకా కూర్చోడం, అక్కడ దిగి మళ్లీ ఇంకోటి పట్టుకోడం. ఫోన్ చేసి 'రా తమ్ముడూ' అన్నప్పుడల్లా నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. నీ కారైతే నాకు తెలిసిన కారు."

"తెలిసిన కారేంట్రా, మంచులోంచి దాన్ని తోసింది నువ్వేగా మొదటి చలికాలం!" అని ఇసాబెక్ నవ్వాడు. ధర ఒక్క మాటలో తెగింది.

వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు టీలో ముంచుకుంటూ ఎసెన్‌తుర్ జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. అతని చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. ఆఫీసులో ఏ స్తంభానికి ఏం చేశాడో రాసుకునే అలవాటు.

"ఇంక నా పంతులువి నువ్వే. దీని సంగతులన్నీ చెప్పు, రాసుకుంటాను. ఏవి ఎప్పుడు మార్చావు?"

ఇసాబెక్ చెప్పాడు. బ్యాటరీ పోయిన ఏడాదిది. ముందు బ్రేకులు మొన్న జూన్‌లో. ఆయిలు ఆగస్టులో. అన్నీ నిజమే.

"మరి ఇంజను బెల్టు? మా ఆఫీసు డ్రైవరు ముందు అదే అడగమన్నాడు."

జుమాగుల్ టీ పోస్తోంది. గదిలో వెచ్చగా ఉంది. చిన్నప్పటి స్నేహితుడు తనను పంతులుగారూ అంటూ ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిన్నరగా బెల్టు కొని అరలో పెట్టుకుని కూర్చున్నానని చెప్పడానికి ఇసాబెక్‌కి నామోషీ అనిపించింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ధర అప్పటికే తెగింది, చెప్తే అతనికి పోయేదేమీ లేదు.

"మార్పించాను. వసంతంలో" అన్నాడు.

ఎసెన్‌తుర్ ఆ మాటే రాసుకుని కింద చిన్న గీత గీశాడు.

ఆ తరవాత నెలరోజులు ఇసాబెక్ అతనికి పక్కన కూర్చుని డ్రైవింగు నేర్పాడు. రోజూ సాయంత్రం నది పక్క ఖాళీ స్థలంలో. ఇసాబెక్‌కి తన జీవితంలో అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆయిలు పుల్ల తీసి చూడమన్నాడు. రేడియేటరు మూత వేడిమీద తియ్యొద్దన్నాడు, వేసవిలో కనుమ మీద వాగు నీళ్లు పోసుకున్నా అక్టోబరు రాకముందే గడ్డకట్టని ద్రవం నింపించుకోమన్నాడు. దిగుడులో బ్రేకు మీద కాలు నొక్కిపట్టి ఉంచకుండా గేరు తగ్గించమన్నాడు. "పాటలు పెట్టకు మొదట్లో. కారు చెప్పేది విను" అన్నాడు. ఆ మాట అంటుంటే అతనికే లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఎసెన్‌తుర్ అన్నీ రాసుకున్నాడు. రాసుకోవడమే కాదు, పొల్లుపోకుండా చేశాడు. నెల తిరిగేసరికి ఆ కారు ఇసాబెక్ దగ్గరున్నప్పటి కంటే మెత్తగా నడవసాగింది.

ఒక రోజు కొట్టంలో గొలుసు వెతుకుతుంటే ఇసాబెక్ చేతికి ఆ పెట్టె తగిలింది. దుమ్ము పట్టి ఉంది. తీసుకెళ్లి ఎసెన్‌తుర్ చేతిలో పెడితే సరి. కానీ ఏమని పెట్టాలి? మార్పించానన్నవాడు కొత్త బెల్టు ఎందుకిస్తున్నట్టు? 'ఇంకో రోజు మెల్స్ చేతికిచ్చి, ఏదో ఒక వంక చెప్పి వేయించేద్దాం' అనుకున్నాడు. పెట్టెను పాత జీను వెనక్కి నెట్టి గొలుసు తీసుకుని బయటికొచ్చాడు. వ్యానుకు అప్పుడే ప్రయాణికులు దొరుకుతున్నారు. రోజంతా రోడ్డు మీదే.

నవంబరు మూడో వారంలో, పొద్దున ఎనిమిదింటికి కొచ్కోర్ నుంచి సైరా కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మ నిన్నే అడుగుతోంది. ఇవాళే రా" అన్నాడు. ఎసెన్‌తుర్ భార్య బురుల్ వేడి టీ ఫ్లాస్కులో పోసిచ్చింది. అతను ఆయిలు చూసుకున్నాడు, టైర్లు చూసుకున్నాడు, బయలుదేరాడు. వీధిలో ఇసాబెక్ ఎదురయ్యాడు.

"కనుమ మీద మంచు పడేలా ఉందిరా" అన్నాడు ఇసాబెక్ ఆకాశం చూసి.

"పడకముందే దాటేస్తాను. అక్క పిలుస్తోంది."

"మెల్లగా వెళ్లు. గేర్లో వెళ్లు."

"సరే పంతులుగారూ" అని నవ్వి ఎసెన్‌తుర్ వెళ్లిపోయాడు.

కనుమ అడుగున గేటు దాటినప్పుడు సమయం పదింబావు. పదిన్నరకి మంచు ఎక్కువైందని రెండు వైపులా గేట్లు మూసేశారు. ఆ సంగతి అతనికి తెలియదు. ముందున్న దారి ఇంకా తెరిపిగానే ఉంది. పైకి చేరడానికి నాలుగు మలుపులు ఉన్నాయనగా ఇంజను ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. గట్టిగా లాగిన బట్ట పిగిలినట్టు ఒక చిన్న శబ్దం, తరవాత నిశ్శబ్దం. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. నేర్చుకున్నట్టే చేసి కారును కుడి అంచుకు చేర్చి హ్యాండు బ్రేకు వేశాడు. తాళం తిప్పితే స్టార్టరు ఎన్నడూ లేనంత తేలిగ్గా, ఉత్తినే గిర్రున తిరిగింది. ఇంజను పలకలేదు. నోటు పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి వెతికాడు. ఇలాంటిదానికి అందులో ఏమీ రాసి లేదు.

ఫోనుకు సిగ్నలు లేదు. అరగంటకు ఎదురుగా కిందికి దిగే లారీ ఒకటి వచ్చింది. గేటు మూయకముందే అవతలి వైపు నుంచి ఎక్కిన లారీ. డ్రైవరు ఆపి, "ఎక్కన్నా, నరీన్‌లో దింపుతాను" అన్నాడు. ఎసెన్‌తుర్ వెనక్కి వెళ్లనన్నాడు. పైకి వెళ్లే బండి ఏదైనా రాకపోతుందా అనుకున్నాడు. లారీ వెళ్లిపోయింది. ఆ తరవాత ఏ బండీ రాలేదు. మూడు గంటలకు మంచు తోసే బండి వచ్చి అతన్ని ఎక్కించుకుంది. కొచ్కోర్ చేరేసరికి చీకటి పడుతోంది. వాకిట్లో మగవాళ్లు ఆచారం ప్రకారం వరసగా నిలబడి కర్రల మీద ఒరిగి ఏడుస్తున్నారు.

సైరా మధ్యాహ్నం రెండింటికి పోయింది. ఒంటిగంట దాకా మాట్లాడిందట. "బయలుదేరాడా? కారు వేసుకొస్తున్నాడా? కొత్తగా నేర్చుకున్నాడు, మెల్లగా రమ్మనండి" అందట.

మూడో రోజు ఖననానికి ఇసాబెక్ తన వ్యాన్లో వీధి వాళ్లందరినీ తీసుకుని వెళ్లాడు. మట్టి ఇచ్చి వచ్చాక ఎసెన్‌తుర్, సైరా ఇంటి వెనక గోడ దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇసాబెక్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ముందు రోజే బయలుదేరాల్సిందిరా" అన్నాడు ఎసెన్‌తుర్. "నాకు సెలవు దొరికేది. అడగలేదు. కారుంది కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చనుకున్నాను."

"నీ తప్పేం లేదురా" అన్నాడు ఇసాబెక్.

"ఎంత జాగ్రత్తగా చూసుకున్నాను దాన్ని. నేను ఏదో పొరపాటు చేసుంటాను. గేరు తప్పు వేశానేమో ఎక్కుడులో."

"నీ తప్పేం లేదు. చెప్తున్నాగా."

ఎసెన్‌తుర్ తల అతని భుజానికి ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇసాబెక్ కదలకుండా కూర్చున్నాడు. అప్పటికే అతనికి అనుమానం కాదు, తెలుసు. స్టార్టరు ఉత్తినే తిరిగిందని ఎసెన్‌తుర్ ఫోన్‌లో చెప్పినప్పుడే తెలిసింది.

కారును ట్రక్కు వెనక కట్టి మెల్స్ షెడ్డుకు లాక్కొచ్చారు. రెండు రోజుల తరవాత మెల్స్ ఇసాబెక్‌కి కబురు చేశాడు. వెళ్లేసరికి ఇంజను హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి ఉంది. వంగిన వాల్వులు ఒక రేకు డబ్బాలో. పక్కన బెల్టు. ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి, పళ్లు ఊడి, ఒక చోట దారాలు వేలాడుతున్నాయి.

"ఈ బెల్టు ఎప్పటిదిరా?" అన్నాడు మెల్స్.

ఇసాబెక్ బెల్టు చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"నేను మార్చలేదు. ఈ ఊళ్లో ఈ ఇంజను మూత విప్పేది నేనొక్కణ్ణే. మరి వసంతంలో ఎవరు మార్చారు? నువ్వు ఎసెన్‌తుర్‌కి చెప్పావటగా."

"చెప్పానన్నా."

"నిన్న వచ్చాడు వాడు. ఇక్కడే నిలబడి చూశాడు. 'మెల్స్ అన్నా, ఆర్నెల్ల బెల్టు ఇలా అవుతుందా?' అనడిగాడు. ఏం చెప్పానో తెలుసా? నాసిరకం సరుకు వస్తోంది ఈ మధ్య, ఇసాబెక్‌కి అదే అంటగట్టుంటారు అన్నాను. నీ మొహం చూసి కాదు చెప్పింది. వాడు మూడు రోజుల క్రితం అక్కకి మట్టి ఇచ్చొచ్చాడు. ఆ పూట దాని మీద ఇదొకటి ఎక్కడ పెట్టను?" మెల్స్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో ఒక్క బండి గురించి నేను అబద్ధం చెప్పలేదు. నీది తీసి నా నోటికి కూడా అంటించావు."

"నేను చెప్తానన్నా."

"ఈ వారంలో చెప్పు. వాడు కొడితే కొట్టించుకో. ఈ వారం దాటితే ఇంక చెప్పలేవు. ఇది బెల్టు లాంటిది కాదు, అరలో పెట్టుకుంటే అలాగే ఉంటుందనుకోకు."

ఇసాబెక్ చెప్పలేదు. చేతనైంది ఒకటే చేశాడు. వాల్వులు తెప్పించాడు, మెల్స్‌తో పాటు కూర్చుని ఇంజను మళ్లీ కట్టించాడు, మొత్తం ఖర్చు తనే పెట్టుకున్నాడు. కొట్టంలో ఉన్న బెల్టు వాడదామని మెల్స్‌కి చూపిద్దామనుకున్నాడు గానీ ఆ పెట్టె తియ్యడానికి చేయి రాలేదు. ఇంకో కొత్తది కొన్నాడు.

దాంతో పని ఇంకా చెడింది. సైరా పోయిన నలభయ్యో రోజు విందుకు వీధంతా వచ్చింది. ఆడగుర్రాన్ని కోసి మాంసం వండారు. పెద్దలంతా కూర్చున్నాక ఎసెన్‌తుర్ లేచి నిలబడ్డాడు. వచ్చినవాళ్లకు దణ్ణం పెట్టి, ఇసాబెక్ వైపు తిరిగాడు.

"తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు. అమ్మేసిన కారు, ఇంక నాకేంటి సంబంధం అనుకోలేదు. నా చేతిలో పాడైపోయినదాన్ని తన చేత్తో బాగు చేయించి ఇచ్చాడు. నాకు అక్క పోయింది, తోడబుట్టినవాడు మాత్రం ఉన్నాడు."

పెద్దలు చేతులు మొహానికి తాకించుకుని దీవించారు. ఎవరో మంచి ముక్క తీసి ఇసాబెక్ పళ్లెంలో వేశారు. బల్లకు అటువైపు కూర్చున్న మెల్స్ తలెత్తి చూడలేదు. ఇసాబెక్ ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమలలేక నమలలేక మింగాడు.

చలికాలం అలాగే గడిచింది. ఎసెన్‌తుర్ ఎప్పటిలాగే వచ్చేవాడు, టీ తాగేవాడు, కారు గురించి ఏదో ఒకటి అడిగేవాడు. ఇసాబెక్ మాత్రం వ్యాను పని ఉందని లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. "ఏంట్రా, పెద్ద బండి వచ్చాక పెద్దమనిషివైపోయావా?" అని ఎసెన్‌తుర్ ఎగతాళి చేసేవాడు. ఇసాబెక్ నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత అబద్ధంగా ఉండేదో జుమాగుల్ ఒక్కతే గమనించింది.

ఏప్రిల్లో కొట్టం శుభ్రం చేస్తూ ఆమె ఆ పెట్టె పట్టుకుని ఇంట్లోకి వచ్చింది.

"ఏమండీ, ఇదేంటి? బెల్టు అని ఉంది దీని మీద. విప్పనైనా విప్పలేదు."

ఇసాబెక్ మంచం మీద కూర్చుండిపోయాడు. ఆమె అతని మొహం చూసింది, పెట్టె చూసింది. ఆ రోజు టీ పోస్తూ తను విన్న మాట ఆమెకు గుర్తొచ్చింది.

"అయ్యో" అంది. పెట్టెను మంచం మీద అతని పక్కన పెట్టింది. ఆ తరవాత, "ఎవరికి తెలుసు?" అంది.

"మెల్స్ అన్నకి."

"మీరిప్పుడు వెళ్లి చెప్తారా?"

"చెప్పాలి."

"ఇప్పుడా? అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడిప్పుడే మనిషి కాస్త తిండి తింటున్నాడని బురుల్ అంటోంది. మీరు వెళ్లి చెప్తే మీ గుండె బరువు దిగుతుందేమో. అది ఎవరి నెత్తికెక్కుతుందో ఆలోచించారా?"

ఆ మాట అతనికి ఆసరా దొరికినట్టయింది. ఇంకో ఏడు నెలలు దాన్ని పట్టుకుని నెట్టుకొచ్చాడు.

సంవత్సరీకం పది రోజులుందనగా ఎసెన్‌తుర్ అతని ఇంటికి వచ్చాడు. కొచ్కోర్‌లో పెద్ద విందు. గుర్రాలు, గుడారాలు, మూడొందల మంది. "అక్క సమాధి దగ్గర ముందు నాతోపాటు నువ్వు నిలబడాలి. మనిద్దరం ఆ కార్లోనే వెళ్దాం" అన్నాడు. ఇసాబెక్ అప్పటికి సరేనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వీధి చివరి ఇంటికి నడిచి వెళ్లాడు.

బురుల్ బజారుకు వెళ్లింది. ఎసెన్‌తుర్ ఒక్కడే ఉన్నాడు. టీ కాచాడు. ఇసాబెక్ గిన్నె ముట్టుకోలేదు.

"ఒరేయ్, ఆ బెల్టు నేను మార్పించలేదు."

"ఏ బెల్టు?"

"తెగిన బెల్టు. వసంతంలో మార్పించానని నీకు చెప్పాను కదా. మార్పించలేదు. కొన్నాను, కొట్టంలో పెట్టాను. అంతే."

ఎసెన్‌తుర్ టీ గిన్నె కింద పెట్టాడు. తరవాత లేచి లోపలికి వెళ్లి నోటు పుస్తకం తెచ్చాడు. పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టాడు. గీత గీసిన మాట. దాన్ని పైకి చదవలేదు.

"నేను ఇది రాసుకుంటుంటే నా ఎదురుగానే కూర్చున్నావు కదా" అన్నాడు.

"అవును."

"మార్పించలేదు అనుంటే నేను కారు కొనకపోయేవాణ్ణా?"

"కొనేవాడివి."

"కొనేవాణ్ణి. రెండు రోజులు మెల్స్ దగ్గర పెట్టేవాణ్ణి. నేను కూడా ఇంకో రెండు రోజులు టాక్సీలో తిరిగేవాణ్ణి. అంతే కదా దాని ఖరీదు?"

"అంతే."

"మరెందుకురా?"

ఏడాదిగా ఇసాబెక్ ఈ ప్రశ్నకు జవాబులు కూడబెట్టుకున్నాడు. అవేవీ కాక, "సిగ్గేసింది" అన్నాడు. ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నదిగా వినిపించిందో అతనికే తెలిసింది.

ఎసెన్‌తుర్ నోటు పుస్తకం మూశాడు.

"ఏడాది నుంచి ఆ మంచుని తిట్టుకున్నాను. ఆ లారీ ఎక్కి వెనక్కి వచ్చి గుర్రం మీదైనా వెళ్లాల్సిందని తిట్టుకున్నాను. ఆ నాసిరకం బెల్టు అమ్మినవాణ్ణి, నా చేతగాని డ్రైవింగుని తిట్టుకున్నాను. ఈ మధ్యే ఊరుకున్నాను, ఎవరి చేతిలోనూ లేదు, రాసిపెట్టుంది అని. ఆ రోజు గోడ దగ్గర నువ్వు నా పక్కన కూర్చుని, నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అన్నావు. ఎంత గట్టిగా చెప్పావో! ఇంత నమ్మకంగా ఎలా చెప్తున్నాడా అనుకున్నాను నేను. ఇప్పుడు తెలిసింది."

"కొట్టరా నన్ను. తిట్టు."

"ఎందుకు? నీకు తేలిగ్గా ఉంటుందనా?"

గేటు చప్పుడైంది. బురుల్ రొట్టెల సంచీతో లోపలికి వచ్చి, "అన్నయ్యా, ఎంతసేపైంది వచ్చి? టీ ముట్టుకోలేదేం?" అంది. ఎసెన్‌తుర్ గిన్నెలో చల్లారిన టీ పారబోసి వేడిది పోశాడు. రెండు చేతులతో అందించాడు.

"తాగి వెళ్లండి" అన్నాడు.

చిన్నప్పటి నుంచి ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. ఇసాబెక్ ఆ టీ తాగాడు. నోరు కాలింది. లేచి ఇంటికి వచ్చాడు.

సంవత్సరీకానికి ఎసెన్‌తుర్ ఆ కార్లో భార్యతో ముందే వెళ్లిపోయాడు. ఇసాబెక్ వీధి వాళ్లతో వ్యాన్లో వెళ్లి, సమాధి దగ్గర వెనక వరసలో నిలబడ్డాడు. ఎసెన్‌తుర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే రెండు చేతులతో చేయి కలిపి, "క్షేమమేనా? ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేవాడు. ఏ లోటూ లేని మర్యాద. కొత్తవాళ్లెవరైనా చూస్తే వాళ్లిద్దరికీ ఏదో దూరపు బంధుత్వం ఉందనుకునేవాళ్లు. కారు పనులన్నిటికీ నేరుగా మెల్స్ దగ్గరికే వెళ్లేవాడు. అతను వచ్చే రోజుల్లో ఇసాబెక్‌ని రావొద్దని మెల్స్ అనలేదు గానీ, ఇసాబెక్ తనే వెళ్లేవాడు కాదు.

రెండేళ్ల తరవాత, మే నెలలో, ఇసాబెక్ ఏడుగురు ప్రయాణికులతో కనుమ దిగుతుంటే వెనక టైరు పేలింది. వ్యాను ఆపి దిగాడు. చక్రం నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. అతను స్పానరు మీద కాలు పెట్టి తొక్కుతున్నాడు, అది జారిపోతోంది. పైనుంచి దిగి వస్తున్న బూడిద రంగు కారు కాస్త ముందుకు పోయి ఆగింది. ఎసెన్‌తుర్ దిగి, డిక్కీలోంచి పొడుగాటి ఇనప గొట్టం తెచ్చి స్పానరు చివర తొడిగాడు.

"పట్టుకోండి" అన్నాడు.

ఇద్దరూ కలిసి నట్లు విప్పారు. జాకీ ఎత్తారు, చక్రం మార్చారు. ఎసెన్‌తుర్ నట్లను ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగించాడు. దుమ్ము దులుపుకుని, వేసిన టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇందులో గాలి తక్కువుంది. నరీన్ చేరగానే పట్టించండి. ఈ లోపల వేగంగా పోవద్దు."

"సరే" అన్నాడు ఇసాబెక్. ఇంకేదో అనబోయాడు. ఎసెన్‌తుర్ అప్పటికే గొట్టం తీసుకుని నడుస్తున్నాడు. కారు ఎక్కి, వెనక అద్దంలో చూసుకుని, జాగ్రత్తగా రోడ్డెక్కి వెళ్లిపోయాడు.

ప్రయాణికులు ఒక్కొక్కరే వ్యాన్లోకి ఎక్కారు. ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ, "ఎంత మంచి మనిషో, దారిన పోయేవాడు ఆగి సాయం చేశాడు" అంది.

"మా వీధివాడే" అన్నాడు ఇసాబెక్.

"అవునా? మరి ఒక్క ముక్క మాట్లాడుకోలేదేం బాబూ?"

ఇసాబెక్ తాళం తిప్పాడు. గాలి తక్కువున్న టైరు మీద బండి ఓ పక్కకు లాగుతుంటే, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దిగసాగాడు.